మీ అమ్మ చెప్పగా రాసినది

మా ఆయన దగ్గర ఒక కథ ఉంది. చుట్టాలు నలుగురు చేరి, భోజనాలు ముగిసి, పట్నం పోయి తెలుగు మరిచిపోయిన పిల్లల సంగతి ఎవరైనా ఎత్తితే చాలు, ఆయన గొంతు సవరించుకుంటాడు. "మీ పిల్లోళ్ళది ఏమిలే, నేను మర్చిపోయినంత తెలుగు ఎవురూ మర్చిపోల్యా" అని మొదలుపెడతాడు.

కథ ఇది. మిలిటరీలో సరిహద్దు కొండల మీద ఉన్నప్పుడు ఆయనకు ఇంటి నుంచి జాబు వచ్చింది. అందులో 'బావి నిండుకుంది' అని ఉంది. అది చదివి ఆయన ఎగిరి గంతేశాడు. తన వంతు రమ్ము కూడా పక్కవాళ్ళకు పోసేసి, మా బావి పొంగింది, తాగండి అన్నాడట. అసలు సంగతేమంటే బావి ఎండిపోయింది. ఇంట్లో బియ్యం అయిపోతే అయిపోయాయి అనకూడదని నిండుకున్నాయి అంటాం కదా, బావి కూడా అలాగే నిండుకుంది. "హిందీలో పడి మన మాట మనకే తెలీకపాయ" అని ఆయన నుదురు కొట్టుకుంటాడు. అందరూ నవ్వుతారు. నవ్వు ఆగాక గొంతు తగ్గించి, "దాని వల్లనే మా అమ్మను కడసారి చూసుకోలేకపోయినా" అంటాడు. 

కథ అక్కడికి వచ్చేసరికి నేను ఎప్పుడూ వంటింట్లో ఉంటాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన గొంతు సవరించుకుంటే చాలు నాకు కడగాల్సిన గిన్నెలు గుర్తొస్తాయి. పాతికేళ్ళుగా ఆయన ఆ తప్పు తనదని పదిమందిలో చెప్పుకుంటున్నాడు. ఆ జాబు రాసింది నేను. తప్పు చదవడంలో లేదు, రాయడంలో ఉంది. అది నాకొక్కదానికే తెలుసు, ఆయనకు చెప్పలేదు.

మాది కోసిగి పక్క పల్లె. మా నాయన మా ఊరి ఏసు గుడిలో ఉపదేశి. అయ్యగారు నెలకొకసారి వచ్చి ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం ఇచ్చి పోతే, మిగతా ఆదివారాలు ప్రార్థన నడిపేదీ, పిల్లలకు అక్షరాలు దిద్దించేదీ మా నాయనే. నన్ను కోయిలకుంట్లలో హాస్టల్లో పెట్టి ఇంటరు దాకా చదివించాడు. తిరిగొచ్చాక ఆ చదువుకు నాకు ఊళ్ళో దొరికిన ఉద్యోగం ఒక్కటే. జాబులు రాసిపెట్టడం, వచ్చిన జాబులు చదివిపెట్టడం. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయనీ, నేను రాస్తే మనిషి ఎదురుగా కూచుని మాట్లాడినట్టే ఉంటుందనీ పేరు. ఆ పేరంటే నాకు చాలా ఇష్టం.

మా ఇంటికి రెండిళ్ళ అవతల అత్త ఉండేది. సొంత అత్త కాదు, వరసకు అత్త. భర్త పోయి చాలా ఏళ్ళయింది. మూడెకరాల మెట్ట చేను, అందులో రాతికట్టు బావి, ఒక్క కొడుకు. ఆ కొడుకు మిలిటరీకి పోయాడు. మా ఇద్దరి సంగతి ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు, తెలిసినట్టు ఒప్పుకున్నవాళ్ళూ లేరు. పెళ్ళికాని పిల్ల సిపాయికి జాబు రాసిందంటే ఉపదేశి పరువేం కాను. అదే, చదువురాని అత్తకు జాబు రాసిపెడితే పుణ్యం. కాబట్టి నేను పుణ్యమే చేశాను.

ఇన్‌లాండు కవరు చూడని ఈ కాలం పిల్లల కోసం చెబుతున్నాను. నీలం కాగితం, మూడు మడతలు, అంచున జిగురు పూసిన చిన్న రెక్క. రాసేదంతా ఆ మూడు మడతల్లోనే ఇమడాలి. మొదట్లో మూడు మడతలూ అత్తవే. ఆమె గోడకు చేరగిలబడి చెప్పేది, నేను రాసేదాన్ని. చివర 'మీ అమ్మ చెప్పగా రాసినది' అని పెట్టి, రెక్క మీద మాత్రం సన్నటి అక్షరాలతో నా సొంతానికి రెండు మాటలు రాసుకునేదాన్ని. నేను బాగున్నాను, గుడిలో నువ్వు కూచునే చోట ఎవరూ కూచోవడం లేదు, అంతే. అడ్రసులో ఊరి పేరు కూడా ఉండేది కాదు. కొన్ని అంకెలు, మూడు ఇంగ్లీషు అక్షరాలు. మనిషి ఎక్కడున్నాడో ఆ అంకెలకే తెలియాలి.

రెక్క మీది రెండు మాటలు నాలుగయ్యాయి. తరువాత రెక్క చాలక మూడో మడత అడుక్కి ఎక్కాను. ఏ మడత ఎవరికి పంచుతున్నానో అత్తకు తెలియదు. ఏడాది తిరిగేసరికి మూడో మడత పూర్తిగా నాదైంది, రెండో దాంట్లో సగం కూడా. అత్త చెప్పే మాటలను కుదించి రాయడం నేర్చుకున్నాను. ఆమె పావుగంట చెప్పిన ఎనుము ఈత సంగతి నా చేతిలో 'ఎనుము ఈనింది' అయ్యేది. కంచే చేను మేసిందంటారే, అలా మేశాను. ఒక్కసారిగా కాదు, జాబుకు రెండు వరుసల చొప్పున.

ఆ ఎండాకాలం సరిహద్దు కొండల మీద యుద్ధం మొదలైంది. పంచాయతీ ఆఫీసు టీవీ ముందు ఊరంతా చేరేది. జెండా కప్పిన పెట్టెలను విమానంలోంచి దింపడం చూపించేవారు. అత్త ఒక్కరోజు చూసి, మళ్ళీ ఆ పక్కకు పోలేదు. మా నాయన ప్రతి ఆదివారం ఆయన పేరు చెప్పి ప్రార్థన చేసేవాడు. ఒకరోజు ప్రార్థన అయ్యాక అత్తను ఆపి చెప్పాడు.

"అక్కా, పిల్లోడు తుపాకి పట్టుకోని నిలబడినాడు. వానికి రాసే జాబులో చెడ్డమాట ఒగటీ వద్దు."

అత్త తల ఊపింది. పక్కనే ఉన్న నేనూ ఊపాను.

అసలే మా పక్క మాటలకు పట్టింపు ఎక్కువ. దీపం ఆరిందనరు, కొండెక్కిందంటారు. పోతానని చెప్పరు, పోయొస్తానంటారు. ఇవన్నీ విశ్వాసులకు తగవని దొరల కాలం నుంచీ అయ్యగార్లు చెబుతూనే ఉన్నారు, మా వంటిళ్ళలో బియ్యం నిండుకుంటూనే ఉన్నాయి. ఇక యుద్ధంలో ఉన్నవాడికి రాసే జాబంటే చెప్పేదేముంది. దూడ చచ్చిపోతే రాయలేదు. అత్త చేతికి మేకు గీసుకుని చీము పట్టినా రాయలేదు. రాయకుండా వదిలేసిన చోటంతా నాకు మిగిలింది.

ఆ చోట్లో నేను ఊరి ముచ్చట్లు రాశాను. కోసిగి సంతలో మేకపోతు గాజుల అంగట్లో దూరి, అద్దంలో తనను తాను చూసుకుని కుమ్మిన సంగతి. గుడికి మైకుసెట్టు వస్తే మా నాయన దగ్గు కూడా ఊరంతా వినిపించిన సంగతి. జొన్నరొట్టె కాలుస్తూ నేను ఎవరినో తలుచుకుని మాడగొడితే మా అమ్మ తిట్టిన సంగతి. కొన్నాళ్ళకు ఆయన జాబు వచ్చింది. నీ జాబు వస్తే తెలుగువాళ్ళం ముగ్గురం ఒకచోట చేరి చదువుకుంటాం అని రాశాడు. మైదుకూరు అతను ఒకడున్నాడట. అతనికి ఇంటి నుంచి వచ్చే జాబుల్లో ఎప్పుడూ ఏడుపు కబుర్లేనట. నా జాబును రెండుసార్లు చదివించుకుని, మేకపోతు దగ్గర కడుపు పట్టుకుని నవ్వాడట.

అది చదివిన రోజు నా కాళ్ళు నేల మీద నిలవలేదు. జాబులు తెచ్చే సాయిబు తాత, "ఏం పాపా, కొండల మీంచి సలాం వచ్చినట్టుండాదే" అని ఎగతాళి చేస్తే సిగ్గు నటించాను. లోపలున్నది సిగ్గు కాదు, పొగరు. ప్రాణాలకు తెగించి నిలబడిన ముగ్గురు మనుషులు నా అక్షరాల కోసం ఎదురుచూస్తున్నారు. వాళ్ళకు అత్త మోకాళ్ళ నొప్పి ఎందుకు, గడ్డివాము ఎందుకు అనుకున్నాను. అలా అనుకున్నానని రాయడానికి ఇప్పుడు చెయ్యి ఆడడం లేదు. కానీ సరిగ్గా అలాగే అనుకున్నాను.

యుద్ధం అయిపోయిందని రేడియో చెప్పింది. ఆయన్ను మాత్రం కొండ దింపలేదు, సెలవులు ఇవ్వలేదు. అక్కడ అప్పుడప్పుడూ గుండ్లు పడుతూనే ఉన్నాయని రాసేవాడు. ఇక్కడ వాన పడలేదు. వేసిన వేరుశనగ పూత మీదే మాడింది. దసరా దాటేసరికి అత్త బావిలో నీళ్ళు పోయి బురద, బురద పోయి బండ కనిపించింది. ఊళ్ళో ఒక్కో ఇంటికీ తాళం పడుతూ వచ్చింది. జనం సుగ్గికి బయలుదేరారు. సుగ్గి అంటే మా పక్క వలస. గుంటూరు పక్కకు పోయి పత్తి తీసి, మిరపకాయలు కోసి, ఎండలు ముదిరాక తిరిగొస్తారు.

ఒక మధ్యాహ్నం అత్త కొత్త ఇన్‌లాండు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఎప్పటిలాగే గోడకు చేరగిలబడింది.

"ఈసారి వివరంగా రాయల్ల పాపా," అంది. "బావి నిండుకునిందని రాయి."

"చెడ్డమాటలు వద్దని నాయన చెప్పినాడు గదత్తా."

"అందుకే గదా నిండుకునిందంటాండా. తక్కింది చెప్తా, రాసుకో. వానికే అర్థమయితాది."

తరువాత ఆమె చెప్పింది. చాలాసేపు చెప్పింది. చేను బీడు పెట్టిన సంగతి, అందరితో పాటు తానూ సుగ్గికి పోతున్న సంగతి, గుండె దగ్గర నొప్పి వస్తోందనీ మెట్లెక్కితే ఎక్కువవుతోందనీ, ఇప్పటికైనా సెలవిస్తే ఒక్కసారి కనబడి పొమ్మనీ. ఇంకా ఏవేవో చెప్పింది. నేను తల ఊపుతూ కలం నడిపిస్తూనే ఉన్నాను. కలం మాత్రం వేరే దారిన పోతోంది. ముందటి వారం గుడిలో ఆడపిల్లలం ఒక నాటకం వేశాం. నేను రాణిని. అట్టముక్కకు జరీ కాగితం అంటించిన కిరీటం జారి నా ముక్కు మీద పడింది, నేను రాజు ఎక్కడున్నాడో తెలియక చేతులతో తడుముకున్నాను. ఆ సంగతి రాయాలని వారం నుంచీ మనసులో వాక్యాలు అల్లిపెట్టుకుని ఉన్నాను. మైదుకూరు అతను దీనికి ఎంత నవ్వుతాడో అనుకుంటూ రాశాను.

జాబులో అత్త వంతుకు వచ్చింది ఇది. 'మేమందరమూ క్షేమం. బావి నిండుకుంది. మా గురించి దిగులు పెట్టుకోవద్దు.' ఆ వెంటనే నాటకం. మూడు మడతలూ అయిపోయి, రెక్క మీదకు కూడా పాకింది. కింద మామూలుగానే 'మీ అమ్మ చెప్పగా రాసినది'.

"ఒగసారి సదువు పాపా," అంది అత్త.

ఇది ఆమె ఎప్పుడూ అడిగేదే. నేను కాగితం మొహానికి ఎదురుగా పట్టుకుని, ఆమె మాటల్లో నా చెవిన పడిన నాలుగూ చదువుతున్నట్టే అప్పజెప్పాను. ఎక్కడ ఆగాలో ఎక్కడ సాగదీయాలో కూడా చూసుకున్నాను. అత్త తృప్తిగా విని, నాలుకతో జిగురు తడిపి, తన చేత్తోనే మూసింది.

ఇరవై రోజులకు జవాబు వచ్చింది. సాయిబు తాత దగ్గర తీసుకుని ముందుగా నేనే దొడ్లోకి పోయి చదువుకున్నాను. బావి నిండిందని తెలిసి ఎంత సంతోషమైందో చెప్పలేనని రాశాడు. ఆంధ్రాలో తుఫాను వానలని రేడియోలో విన్నాడట, మన సీమకు కూడా ఆ చినుకు అందిందని దేవునికి స్తోత్రం చెప్పుకున్నాడట. సెలవులు మొదలయ్యాయట. మొదటి వంతు ఈయనకే వచ్చిందట. మైదుకూరు అతని ఇంట్లో పరిస్థితి బాగాలేదని అతని భార్య రాసిందనీ, తన ఇంట్లో అన్నీ బాగున్నాయి కాబట్టి ఆ వంతు అతనికి ఇచ్చేశాననీ రాశాడు. ఎండాకాలం వస్తాను, అమ్మను చేను వదలొద్దని చెప్పు, ఈసారి వడ్లు పోయించు అని చివర ఉంది.

నాకు అప్పుడే అంతా అర్థమైంది. నిండుకుంది అన్నమాట పక్కన సుగ్గి అన్నమాట ఉంటే ఏ తెలుగువాడూ దాన్ని తప్పు చదవడు. అత్త రెంటినీ కలిపే చెప్పింది. ఒకదాన్ని రాసి రెండోదాన్ని మింగేసింది నేను. ఆ రోజే ఇంకో జాబు రాసి ఉండొచ్చు. మొదలుపెట్టాను కూడా. 'బావా, పోయినసారి అత్త చెప్పినా నేను రాయకుండా వదిలేసినవి' అన్నదాకా రాశాను. దాన్ని ఆయన ముగ్గురిలో పైకి చదువుతాడని తోచింది. మేకపోతు కథ రాసిన పిల్ల ఇలాంటిదా అని మైదుకూరు అతను అనుకుంటాడని తోచింది. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి. అతని కోసం ఆ కాగితం చింపేశాను. ఎండాకాలం వస్తాడు కదా, అత్తా అప్పటికి తిరిగొస్తుంది కదా, నాలుగు నెలల్లో ఏం మునిగిపోతుందని సర్ది చెప్పుకున్నాను.

ఆ జాబు అత్తకు చదివి వినిపించాలి. ఉన్నది ఉన్నట్టు చదివితే నా దొంగతనం బయటపడుతుంది. తేలు కుట్టిన దొంగలా కూచుని, కాగితం చూస్తూ చెప్పాను.

"సెలవు దొరకలేదంట అత్తా. ఎండాకాలం వస్తాడంట. నిన్ను జాగ్రత్తగా పోయి రమ్మన్నాడు."

అత్త నా వైపు వంగింది. "నొప్పికేమన్నా చెప్పినాడా?" అని అడిగింది.

"మాత్రలు మింగమన్నాడు."

"అంతేనా?"

"అంతే."

ఆమె జాబు నా చేతిలోంచి తీసుకుంది. చదవలేని ఆ వరుసల మీద వేలితో తడిమి చూసి, మడిచి రవికలో పెట్టుకుంది. కొడుకు ఇంతేనా రాసేది అన్న చిన్నబోయిన మొహం నేను చూశాను. చూసి కూడా నోరు విప్పలేదు.

మూడో రోజు సుగ్గి లారీ వచ్చింది. అత్త చాప, దుప్పటి, బియ్యం మూట పైకి అందించి, నా గదుమ పట్టుకుని పోయొస్తానంది. "నా కొడుకు జాబు రాస్తే ఎత్తిపెట్టు, నేనొచ్చినాక సదువుదువు గాని," అని ఎక్కింది.

ఈస్టరుకు ముందు ఉపవాసాల లెంటు దినాలు మొదలైన వారంలో కబురు వచ్చింది. మిరపచేను గట్టు మీద కూచుని నీళ్ళడిగిందట. తెచ్చేలోపే ప్రాణం పోయింది. మా ఊరివాళ్ళే టెంపోలో తీసుకొచ్చారు. మిలిటరీకి టెలిగ్రాం ఇచ్చారు. ఎండలు, ఆపలేక మరుసటి రోజే మట్టి చేశారు. ఆయన ఆరో రోజు వచ్చాడు.

వచ్చినవాడు పెట్టె దించకుండానే సమాధి దగ్గరికి పోయాడు. అక్కడి నుంచి చేనికి పోయి బావిలోకి వంగి చూశాడు. తిరిగొచ్చి మా ఇంటి ముందు నిలబడి మా నాయన్ను అడిగాడు.

"బావి నిండుకునిందని రాస్తిరి గదా మామా. ఇంగ మా అమ్మ సుగ్గికి ఎందుకు పాయ?"

పెట్టె తెరిచి, అందులోంచి జాబు తీసి ఇచ్చాడు. మా నాయన అద్దాలు పెట్టుకుని మొదటి వరుసలు చదివాడు.

"నిండుకునిందంటే ఎండిపాయెనని నాయనా. బియ్యం నిండుకున్నాయనమా, అట్ల."

 ఆయన అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు. "తప్పు సదివినా," అన్నాడు. "నేనే తప్పు సదివినా మామా. వంతు వచ్చిన సెలవు ఇంగొకనికి ఇచ్చినా."

నేను తలుపు వెనకే ఉన్నాను. ఒక్క అడుగు బయటికి వేస్తే చాలు. వేయలేదు. మా నాయన ఆ జాబును మొదటి నుంచి మళ్ళీ చదివాడు, మూడు మడతలూ, రెక్క మీదిది కూడా. చదివి తలుపు వైపు చూశాడు. కాగితం మడిచి ఆయన చేతిలో పెట్టి, భుజం పట్టుకుని అరుగు మీద కూచోబెట్టాడు. ఆ తరువాత మా నాయన బతికున్నన్నాళ్ళూ నా దగ్గర ఆ మాట ఎత్తలేదు. ఊళ్ళో జాబు రాయించుకోవడానికి ఎవరొచ్చినా మాత్రం తానే కూచుని రాసిచ్చేవాడు, నన్ను పిలవలేదు.

ఏడాదికి మా పెళ్ళయింది. పెళ్ళికి ముందే చెప్పాలనుకున్నాను, చెబితే పెళ్ళి ఆగుతుందని భయపడ్డాను. పెద్దపిల్ల పుట్టాక అనుకున్నాను, రెండో పిల్ల పుట్టాక అనుకున్నాను. మింగలేక కక్కలేక పాతికేళ్ళు గడిపాను. ఆయన కోపిష్టివాడైనా బాగుండేది, ఏదో ఒక జగడంలో నా నోరు జారేది. ఆయనేమో నా మీద గొంతెత్తని మనిషి. మిలిటరీ నుంచి వచ్చాక కర్నూలులో ఒక బ్యాంకు ముందు కాపలా ఉద్యోగంలో చేరాడు. ఇక్కడికొచ్చాకే నేను చిన్న చిన్న కథలు రాయడం మొదలుపెట్టాను. అవి పత్రికలో వస్తే ఆయన బ్యాంకులో అందరికీ చూపించుకుంటాడు. మా ఆమె ఎవరి మాట వాళ్ళ నోట్లో నుంచి వచ్చినట్టే రాస్తుందని గొప్పగా చెబుతాడు. ఆ పొగడ్త మొదలైతే నేను అక్కడి నుంచి లేచిపోతాను.

పోయిన నెల చుట్టాల ఇంట్లో ప్రార్థన కూడికకు పోయాం. భోజనాలయ్యాక ఆయన మళ్ళీ ఆ కథ చెప్పాడు. నేను మళ్ళీ వంటింట్లోకి పోయాను. ఈసారి మా పెద్దకూతురు ఆయన్ను అడగడం వినిపించింది.

"అవ్వ ఆ ఒగ మాటే రాయించిందా నాయనా? సుగ్గికి పోతాండానని ఎందుకు రాయించలేదు?"

"మా అమ్మ అంతే. నాకు దిగులయితాదని దాచింటాది."

"అట్లయితే తప్పు అవ్వది కూడా," అంది కూతురు.

ఆయన కాదనలేదు. నేను గిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. నా తప్పును ఆయన నెత్తిన పెట్టి ఇన్నేళ్ళు మోయించాను. ఇప్పుడది చచ్చిపోయిన అత్త మీదికి కూడా పాకింది. ఆమె ఏదీ దాచలేదు. నోరారా అన్నీ చెప్పుకుంది, కొడుక్కు చేరుతున్నాయనే అనుకుంది. మరుసటి రోజే ఇది రాయడానికి కూచున్నాను. ఎదురుగా నిలబడి నోటితో చెప్పే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

ఇంతదాకా రాసి, మొన్న ఆదివారం గుడి నుంచి వచ్చాక కాగితాలు ఆయన చేతికిచ్చాను. ఆయన వరండాలో కుర్చీ వేసుకుని చదివాడు. నేను ఎదురుగా కింద కూచుని చింతపండులో గింజలు తీశాను. ఒకచోట వెనక్కి తిప్పి మళ్ళీ చదివాడు. ఎక్కడో తెలుసుకుందామని కూడా నేను తల ఎత్తలేదు. చివరికి కాగితాలు సర్ది ఒళ్ళో పెట్టుకుని, అద్దాలు తీశాడు. తిడతాడని ఎదురుచూశాను. ఒక దెబ్బ వేసినా నాకు తేలికయ్యేది.

"ఆ పొద్దు అమ్మ శానాసేపు చెప్పిందా?" అని అడిగాడు.

"శానాసేపు."

"ఏమేం చెప్పింది?"

"రాసినా గదా. బావి, బీడు, సుగ్గి, నొప్పి, నిన్ను వచ్చి పొమ్మని."

"అవి సదివినా. ఇంకా ఏవేవో చెప్పిందని రాసినావే, అవి ఏంటివి?"

నేను గింజలు వదిలేసి ఆలోచించాను. ఆ మధ్యాహ్నం నాకు బాగానే గుర్తుంది. కిరీటం ఏ పక్కకు జారిందని రాశానో గుర్తుంది. రాజు వేషం కట్టిన పిల్ల మీసం ఊడిన చోట నేను చేసిన హాస్యం ఇప్పుడడిగినా అక్షరం పొల్లు పోకుండా చెప్పగలను. చెబుతూ చెబుతూ అత్త మధ్యలో ఒకసారి నవ్వింది. ఒకసారి కొంగుతో కళ్ళొత్తుకుంది. ఏమని నవ్విందో, ఏమని ఏడ్చిందో నేను వినలేదు.

"గుర్తులేదు," అన్నాను.

ఆయన కోప్పడలేదు. కుర్చీ నా దగ్గరికి జరుపుకుని, "నిదానంగా చూడు, వస్తాది," అన్నాడు. "నాకేం పనిలేదు, ఈడనే కూచుంటా."

బువ్వకు కూడా లేవకుండా నా నోటి వైపే చూస్తూ కూచున్నాడు. నాకు ఒక్క మాట కూడా గుర్తు రాలేదు.